తెల్లకాగితంపై భూమి

చట్టం అనే మాట వినగానే మనకు నల్లకోటు, బోను, నేరం, శిక్ష స్ఫురిస్తాయి. నేరం చేయనివానికి చట్టంతో పనిలేదని చాలామంది నమ్మకం. ఇది సగం సత్యం మాత్రమే. ఒక సామాన్య కుటుంబానికి చట్టంతో పనిపడే సందర్భాలలో అధికభాగం నేరానికి సంబంధించినవి కావు. పొలం కొనడం, చేబదులు పుచ్చుకోవడం, ఇల్లు అద్దెకివ్వడం, అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం, ఆడపిల్లకు వాటా ఇవ్వడం, రహదారి ప్రమాదంలో పరిహారం కోరడం – ఇవన్నీ నిత్యజీవితంలోని వ్యవహారాలే. వీటిలో దేనిలోనూ దుర్మార్గుడు ఉండనక్కరలేదు. ఇరువైపుల వారూ మంచివారే అయినప్పటికీ, వ్రాయవలసినది వ్రాయకపోవడం వల్ల, నమోదు చేయవలసినది నమోదు చేయకపోవడం వల్ల, తరువాతి తరం వారు న్యాయస్థానం మెట్లెక్కవలసి వస్తుంది.

ఈ సత్యాన్ని తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చౌటుప్పల్ ఉంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో భాగమైన ఈ మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఇక్కడిది మెట్టభూమి. వానను నమ్మి జొన్నలు, ఆముదాలు పండించుకొన్న నేల. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన మనుషులను చూసిన నేల. అటువంటి చోట ఎకరం భూమి చేతులు మారడం ఒకనాడు పెద్ద విశేషం కాదు. అమ్మేవాడు, కొనేవాడు, ఊరిపెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు. పట్వారీయో, చదువు వచ్చిన మరొకరో తెల్లకాగితంపై నాలుగు వాక్యాలు వ్రాస్తారు. అమ్మినవాడు వేలిముద్ర వేస్తాడు. సాక్షులు సంతకాలు చేస్తారు. కాగితం కొన్నవాని ఇంటి పెట్టెలోకి, భూమి కొన్నవాని నాగలి కిందికి చేరుతాయి. ఆ కాగితం పేరే సాదాబైనామా. 'సాదా' అంటే స్టాంపు లేనిది. 'బైనామా' అంటే విక్రయపత్రం.

తెలంగాణలో లక్షలాది కుటుంబాల భూమి హక్కు ఇటువంటి కాగితాలపైనే నిలబడి ఉంది. అయితే చట్టం ఏమంటున్నది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షను ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తిని రిజిస్టరు అయిన దస్తావేజు ద్వారానే విక్రయించాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంలోని 17వ సెక్షను అటువంటి పత్రాన్ని తప్పనిసరిగా నమోదు చేయించాలని శాసించింది. నమోదు కాని పత్రం ఆస్తిపై హక్కును కలిగించదని అదే చట్టంలోని 49వ సెక్షను చెబుతుంది. పత్రం వ్రాసిన నాటి నుండి నాలుగు నెలలలోపు దానిని సబ్ రిజిస్ట్రారు ముందు ఉంచాలి. అంటే నలభై ఏళ్ళుగా దున్నుతున్న రైతు చేతిలోని తెల్లకాగితం, చట్టం దృష్టిలో అతనిని భూయజమానిగా చేయలేదు. డబ్బు ఇచ్చినది నిజం, దున్నినది నిజం, శిస్తు కట్టినది నిజం. అయినా పట్టా మాత్రం అమ్మినవాని పేరనే, అతడు మరణిస్తే అతని వారసుల పేరనే కొనసాగుతుంది.

దీనిని చూసి "చదువులేని రైతు అజ్ఞానం" అని తీర్పు చెప్పడం సులభం. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఈ కాగితాల వెనుక ఒక చరిత్ర ఉంది. హైదరాబాదు రాజ్యంలో భూమి లెక్కలు సామాన్యునికి అర్థం కాని ఉర్దూలో, పట్వారీ గుప్పిటలో ఉండేవి. 1948లో హైదరాబాదు భారతదేశంలో విలీనమైంది. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం కౌలుదారులకు గొప్ప రక్షణ కల్పించింది. అదే చట్టం వ్యవసాయ భూమిని అమ్మడానికి తహసీలుదారు ముందస్తు అనుమతి కావాలని కూడా నిర్దేశించింది. ఆ నియమం 1969లో తొలగేవరకు సక్రమంగా కొనదలచిన వాడు కూడా కచేరీ చుట్టూ తిరగక తప్పలేదు. దీనికి తోడు స్టాంపు రుసుము, పట్టణానికి ప్రయాణం, పోగొట్టుకొనే కూలి, వ్రాతగాని ఫీజు, అధికారిని చూస్తే కలిగే భయం. రెండెకరాల కోసం ఉన్నదంతా ఊడ్చి ఇచ్చిన వానికి ఈ ఖర్చు మరొక అప్పుగా కనిపించడంలో వింత లేదు. ఊరిలో అందరికీ తెలిసిన అమ్మకానికి వేరే సాక్ష్యమెందుకని అతడు అనుకొన్నాడు. ఆనాటి ఊరిలో ఆ నమ్మకం చెల్లుబాటయింది కూడా.

మరి ఇన్నేళ్ళు చెల్లిన కాగితం ఇప్పుడెందుకు చెల్లడం లేదు? భూమి ధర మారింది గనుక. రాజధాని విస్తరించి రహదారి వెంట పాకుతూ వచ్చింది. పరిశ్రమలు వచ్చాయి. 2019 నవంబరులో దండు మల్కాపురంలో చిన్న, మధ్య తరహా పరిశ్రమల పార్కు ప్రారంభమైంది. ప్రాంతీయ వలయ రహదారి ఉత్తరభాగం సంగారెడ్డి నుండి చౌటుప్పల్ వరకు ప్రతిపాదితమైంది. పూర్వం వేలల్లో ఉన్న ఎకరం ధర లక్షలు దాటి కోట్లను తాకింది. ధర పెరిగిన కొద్దీ మరచిపోయిన వారసులకు తాతగారి పట్టా గుర్తుకు వస్తుంది. రహదారికై ప్రభుత్వం భూమిని సేకరించినప్పుడు నోటీసు మొదట రికార్డులో పేరున్నవానికే వెళుతుంది. పరిహారం కోరడానికి అతడే ముందు నిలుస్తాడు. ఆ నేలలో రాళ్ళేరి, బావి తవ్వి, బిడ్డలను పెంచిన వాడు తన పెట్టెలోని పసుపువన్నె కాగితాన్ని పట్టుకొని వరుస చివర నిలబడతాడు. సాక్షి సంతకాలు చేసినవారిలో ఒక్కరూ బ్రతికి ఉండరు. ఆనాడు పత్రం వ్రాసిన పట్వారీ వ్యవస్థ కూడా 1984లోనే రద్దయింది.

ఈ సమస్యను ప్రభుత్వాలు గుర్తించలేదని చెప్పడం న్యాయం కాదు. 1971 నాటి భూమి హక్కుల చట్టానికి తరువాతి కాలంలో చేర్చిన 5-ఎ సెక్షను రిజిస్టరు కాని కొనుగోళ్ళను క్రమబద్ధీకరించే అవకాశం ఇచ్చింది. తహసీలుదారు విచారణ జరిపి, సంతృప్తి చెందితే 13-బి ధ్రువపత్రం ఇచ్చేవాడు. 2016లో తెలంగాణ ప్రభుత్వం 2014 జూన్ 2కు ముందు జరిగిన సాదాబైనామాలను గ్రామీణ ప్రాంతాలలో అయిదెకరాల వరకు రుసుము లేకుండా క్రమబద్ధీకరించడానికి పూనుకొన్నది. 2020 అక్టోబరు 12న మరొక అవకాశం ప్రకటించింది. గడువు పొడిగింపుతో నవంబరు 10 వరకు సుమారు తొమ్మిది లక్షల దరఖాస్తులు వచ్చాయి. కాని ఆ మధ్యలోనే, అక్టోబరు 29న, పాత చట్టం రద్దయి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ఆ కొత్త చట్టంలో క్రమబద్ధీకరణకు చోటు లేదు. విషయం హైకోర్టుకు వెళ్ళింది. దరఖాస్తులు సుమారు అయిదేళ్ళు కదలకుండా నిలిచిపోయాయి. అదే కాలంలో ధరణి పోర్టల్ నుండి అనుభవదారు గడి తొలగిపోయింది. పట్టా లేని సాగుదారుకు పహాణీలో ఉండిన ఆ ఒక్క పేరు కూడా కనబడకుండా పోయింది. భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చి, 2020లో దరఖాస్తు చేసుకొన్న చిన్న, సన్నకారు రైతుల సాదాబైనామాలపై విచారణకు మళ్ళీ దారి తెరిచింది. అదే సంవత్సరం హైకోర్టు కూడా తన స్టేను తొలగించింది.

ఈ చరిత్ర నుండి మనం గ్రహించవలసినది ఒకటుంది. తెల్లకాగితం తప్పు రైతుది కావచ్చు. కాని ఆ తప్పును దిద్దుకోవడానికి వచ్చిన వానికి చట్టమే దారి మార్చితే, ఆ ఆలస్యానికి బాధ్యత రైతుది కాదు. దరఖాస్తు తీసుకొంటూ ఉండగానే దానికి ఆధారమైన చట్టం రద్దుకావడం పాలనాలోపం. చట్టం తెలియకపోవడం సాకు కాదని న్యాయశాస్త్రం పౌరునితో అంటుంది. చట్టాన్ని తెలియజెప్పకపోవడం, తరచు మార్చడం కూడా సాకు కాదని పౌరుడు ప్రభుత్వంతో అనగలగాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణను విస్మరించరాదు. తెల్లకాగితాలన్నింటినీ అంగీకరిస్తే దొంగ కాగితాలు పుట్టుకొస్తాయని, నిజమైన పట్టాదారులు భూమిని కోల్పోతారని కొందరు వాదిస్తారు. ఆ భయం నిరాధారం కాదు. కాగితాన్ని పాతదిగా కనిపింపజేయడం కష్టం కాదు. పొరుగూరికో, పరదేశానికో వలసపోయిన వాని భూమిని ఆక్రమించి దొంగ బైనామా సృష్టించేవారు లేకపోలేదు. అయితే దీనికి విరుగుడు దరఖాస్తులను మూలన పడవేయడం కాదు, విచారణను ఊరిలో బహిరంగంగా జరపడం. ఏ చెలకను ఎవరు ఎన్నేళ్ళుగా దున్నుతున్నారో హద్దు రైతులకు తెలుసు. పాత పహాణీలు, శిస్తు రసీదులు, బావి కరెంటు బిల్లులు, పంట రుణాల పత్రాలు దానిని బలపరుస్తాయి. అమ్మినవాని వారసులకు నోటీసు ఇచ్చి, వారి మాట విని, కారణాలు వ్రాసి ఉత్తర్వు ఇవ్వాలి. నష్టపోయిన వానికి అప్పీలు ఉండాలి. కార్యాలయంలో కూర్చొని కంప్యూటరు తెరపై చూసినంతమాత్రాన భూమి సత్యం బయటపడదు.

తెల్లకాగితం స్వభావం భూమి అమ్మకంలోనే కాక ఇతర వ్యవహారాలలోనూ కనిపిస్తుంది. అన్నదమ్ముల పంపకం తరచు నోటిమాటతో జరుగుతుంది. "తూర్పు చెలక పెద్దవానికి, పడమటి చెలక చిన్నవానికి" అన్నంతలో పంపకం ముగుస్తుంది. ఆడబిడ్డల పేరు ఆ సంభాషణలో వినబడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన సవరణ, ఆనాటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కల్పించింది. 2005 సెప్టెంబరు 9 నుండి హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ దానిని దేశమంతటా, వివాహితులకు సైతం విస్తరించింది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. కేవలం నోటిమాటగా జరిగినదని చెప్పే పంపకాన్ని తేలికగా నమ్మరాదని కూడా ఆ తీర్పు హెచ్చరించింది. అయినా నేటికీ పెండ్లి అయిన ఆడబిడ్డను ఒకనాడు పిలిపించి, పత్రంలో ఏమున్నదో చదివి వినిపించకుండానే సంతకం పెట్టించే ఇండ్లు ఉన్నాయి. ఆమె తన వాటాను ప్రేమతో వదులుకొంటే అది ఆమె ఔదార్యం. తెలియక వదులుకొంటే అది ఆమెకు జరిగిన అన్యాయం. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఆ పత్రాన్ని చదవడమే.

అప్పు విషయం కూడా ఇటువంటిదే. ప్రామిసరీ నోటుపై వసూలు దావాకు మూడేళ్ళ కాలపరిమితి ఉంది. అప్పిచ్చినవాడు స్నేహం చెడుతుందని ఊరుకొంటే గడువు దాటిపోతుంది. గడువులోపు కొంత చెల్లించి నోటు వెనుక వ్రాసి సంతకం చేస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. అప్పు పుచ్చుకొన్నవాడు చేసే పొరపాటు మరింత ప్రమాదకరమైనది. అవసరం కొద్దీ అంకెలు వేయని నోటుపై, తేదీ లేని చెక్కుపై సంతకం చేసి ఇస్తాడు. సంతకంతో ఖాళీగా ఇచ్చిన స్టాంపు పత్రాన్ని పూర్తిచేసుకొనే అధికారాన్ని 1881 నాటి చట్టమే పుచ్చుకొన్నవానికి కల్పిస్తున్నది. ఆ తరువాత "నేను వ్రాసినది ఇరవై వేలే" అని ఎంత మొత్తుకొన్నా, నిరూపించే భారం చాలవరకు అతనిపైనే పడుతుంది.

రహదారి పక్కన వెలసిన ఇండ్లస్థలాల మాట చెప్పనవసరం లేదు. రంగురంగుల కరపత్రం చూసి, విందు భోజనం చేసి, బయానా ఇచ్చి వచ్చే ఉద్యోగులు, చిరువ్యాపారులు చాలామంది చదువుకొన్నవారే. ఆ లేఅవుటుకు అనుమతి ఉన్నదా, వ్యవసాయ భూమిని నివాసభూమిగా మార్చారా, భూమిపై అప్పు ఉన్నదా, ఆ వెంచరు రెరాలో నమోదైనదా అని వారిలో ఎందరు అడుగుతున్నారు? 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి ముందుగా పుచ్చుకోరాదు. ఈ ఒక్క నియమం తెలిస్తే ఎన్నో కుటుంబాల పొదుపు నిలబడేది. కనుక చట్టం తెలియకపోవడం నిరక్షరాస్యుల జబ్బు మాత్రమే కాదు. పట్టభద్రులకు కూడా అది ఉంది.

వ్రాతకోతలు పెరిగితే మనుషుల మధ్య నమ్మకం నశిస్తుందని పెద్దలు కొందరు బాధపడతారు. "మన మధ్య కాగితమేమిటి?" అనే మాటలో ఆత్మీయత ఉన్నది నిజమే. కాని ఇద్దరు మిత్రుల మాటను కాపాడేది వారి జ్ఞాపకశక్తి మాత్రమే. ఆ జ్ఞాపకం వారితోనే పోతుంది. వారి పిల్లలకు మిగిలేది అనుమానం. పత్రం వ్రాయడం అపనమ్మకానికి గుర్తు కాదు. ఈ నమ్మకం మన తరువాత కూడా నిలవాలన్న కోరికకు గుర్తు.

దీనికి చౌటుప్పల్ పొరుగున ఉన్న పోచంపల్లి కంటే గొప్ప నిదర్శనం లేదు. 1951 ఏప్రిల్ 18న అక్కడ వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాల భూమి ఇస్తానని నిండుసభలో ప్రకటించారు. దేశమంతటా వ్యాపించిన భూదానోద్యమం ఆ ఒక్క మాటతో ఆరంభమైంది. అంతటి పవిత్రమైన మాటకు కూడా చట్టం తోడు కావలసి వచ్చింది. దానం చేసిన భూముల నిర్వహణకు 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. అయినప్పటికీ హద్దులు, పట్టాలు సరిగా నమోదు కాని భూదాన భూములపై తరువాతి కాలంలో ఎన్నో వివాదాలు తలెత్తాయి. మహాత్ములు పలికిన మాటకే ఈ గతి పడితే, మన వంటి సామాన్యుల నోటిమాట ఎంతకాలం నిలుస్తుంది?

వివాదం వచ్చిన తరువాత ఏమి చేయాలన్నది వేరొక ప్రశ్న. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడు" అని మన సామెత. దావాల ఆలస్యం, ఖర్చు చూసినవారికి ఇది అతిశయోక్తి అనిపించదు. ఆ కారణంగానే పేదవాడు న్యాయం కోరడం మానివేయరాదని మన రాజ్యాంగం భావించింది. 1976లో చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యం బాధ్యతగా పేర్కొన్నది. 1987లో న్యాయసేవల ప్రాధికార చట్టం వచ్చింది. ఈ చట్టం క్రింద మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. పేదవారు ఎవరైనా ఆదాయపరిమితికి లోబడి ఈ సహాయం పొందవచ్చు. 15100 అనే ఫోను నంబరు ద్వారా సలహా కోరవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీపడితే కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆ అవార్డుపై అప్పీలు ఉండదు గనుక తగవు అంతటితో ముగుస్తుంది. ఇన్ని సదుపాయాలున్నా, ఊరిలో కులపెద్ద ఇంటికో, రాజకీయ నాయకుని గడపకో, పోలీసుస్టేషనుకో వెళ్ళేవారే అధికం. భూమి హద్దు తగాదాను తీర్చే అధికారం పోలీసులకు లేదన్న ప్రాథమిక విషయం కూడా ప్రచారం కాలేదు.

నా అభిప్రాయం ఇది. ఈ స్థితి మారాలంటే రెండు వైపుల నుండి కదలిక రావాలి. రాజ్యం తన రిజిస్ట్రేషను రుసుములను చిన్న రైతుకు, మొదటిసారి ఇల్లు కొనే పేదవానికి తగ్గించాలి. 2021 జూలైలో తెలంగాణలో ఈ మొత్తం భారం ఆరు శాతం నుండి ఏడున్నర శాతానికి పెరిగింది. సక్రమంగా నమోదు చేసుకోవడాన్ని ఖరీదైన పనిగా చేసి, తెల్లకాగితాన్ని నిందించడం తగదు. రికార్డులు, నోటీసులు, ఉత్తర్వులు రైతు చదవగలిగిన తెలుగులో ఉండాలి. ఒకనాటి ఉర్దూ లెక్కలు పోయి ఆంగ్ల ఉత్తర్వులు వస్తే రైతుకు ఒరిగినదేమిటి?

రెండవ కదలిక చదువుకొన్న యువతరం నుండి రావాలి. ఎన్నో ఇండ్లలో దస్తావేజును అర్థం చేసుకొని చదవగలిగిన మొదటివారు ఇంటర్మీడియెట్ విద్యార్థులే. వారు తమ ఇంటి పెట్టె ఒకసారి తెరవాలి. పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్న పేరు జీవించి ఉన్నవానిదేనా? పత్రంలోని సర్వే నంబరు, పొలం సర్వే నంబరు ఒకటేనా? విస్తీర్ణం ఎకరాలలో, గుంటలలో సరిపోయినదా? కొనుగోలు కాగితం రిజిస్టరయినదా, తెల్లకాగితమేనా? తాతగారు పోయిన తరువాత వారసత్వం నమోదైనదా? అందులో మేనత్తల పేర్లు ఉన్నాయా? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడానికి న్యాయశాస్త్ర పట్టా అవసరం లేదు. తెలుగు చదవడం వస్తే చాలు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం మన అలవాటు. కాగితంలోని లోపం పెద్దలు జీవించి ఉండగా బయటపడితే ఒక పూట మాటలతో తీరుతుంది. వారు పోయిన తరువాత బయటపడితే రెండు కుటుంబాలు ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరగవలసి వస్తుంది. అమ్మినవాడు, కొన్నవాడు, సాక్షి ముగ్గురూ ఊరిలో ఉన్న ఇండ్లు ఇంకా ఉన్నాయి. వారు ఉన్నప్పుడే ఆ కాగితాన్ని వెలుగులోకి తేవడం మంచిది.